మెట్రో స్తంభాలూ నాలుగో పరిమాణమూ: అల్పపరిమాణ జీవులు అధికపరిమాణ వస్తువులను గ్రహించే తీరు

వ్యాససంగ్రహం

తక్కువ పరిమాణాల లోకంలో ఉన్న జీవి ఎక్కువ పరిమాణాలు గల వస్తువును ఎంతవరకు గ్రహించగలదు అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న మెట్రో మార్గాన్నీ, ఎల్బీనగర్ కూడలినీ ఉదాహరణలుగా తీసుకుని, ఛేదం, విక్షేపం, ఉపరితల కొలత అనే మూడు మార్గాలు ఏమి చూపుతాయో, ఏమి దాచిపెడతాయో వివరిస్తుంది. మనసులో బొమ్మ కట్టలేకపోవడం వేరు, తెలుసుకోలేకపోవడం వేరు అన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: పరిమాణం, ఛేదం, విక్షేపం, చతుష్పరిమాణ ఘనం, వక్రత, ఎల్బీనగర్ కూడలి, బహుచలరాశి విశ్లేషణ.

1. ఉపోద్ఘాతం

అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా హైదరాబాద్ మెట్రో రైలు 2018 సెప్టెంబరు 24న మొదలయింది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్ స్టేషన్ల మధ్య ఈ మార్గం రోడ్డు నడుమ నిలిపిన స్తంభాల మీద సాగుతుంది. ఆ స్తంభాలకు నంబర్లున్నాయి. దారి చెప్పేటప్పుడు "ఫలానా నంబరు పిల్లర్ ఎదురుగా" అనడం నగరంలో ఇప్పుడు మామూలయింది.

రోడ్డుకు ఒక మీటరు ఎత్తున, ఏమాత్రం మందం లేని ఒక తలం పరచి ఉన్నదనీ, ఆ తలంలోనే పుట్టి అందులోనే తిరుగుతూ అందులోనే చూడగల జీవులు ఉన్నాయనీ అనుకుందాం. వాటికి పొడవు, వెడల్పు తెలుసు, ఎత్తు తెలియదు. వాటికి మెట్రో ఎలా కనిపిస్తుంది? రైలు కనిపించదు, పట్టాలు కనిపించవు. వరుసగా నిలిచిన విడివిడి ముద్దలు మాత్రం కనిపిస్తాయి. ఇవన్నీ ఒకే కట్టడమని ఎవరైనా చెబితే, "వీటిని కలిపేది ఏది? రెండింటి నడుమ మేము రోజూ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాం, అక్కడ ఖాళీ తప్ప ఏమీ లేదు" అని ఆ జీవులు జవాబిస్తాయి. ఆ జవాబులో అబద్ధం లేదు. కలిపేది ఆ తలంలో లేదు, అంతే.

ఇటువంటి ద్విపరిమాణ లోకాన్ని ఎడ్విన్ అబట్ 1884లో 'ఫ్లాట్‌లాండ్' అనే చిన్న నవలలో చిత్రించాడు. అప్పటినుంచి ఆ కథ నాలుగో పరిమాణాన్ని వివరించేవారందరికీ ఆధారమైంది. అయితే మన పాఠాల్లో ఈ పోలిక రెండు విధాలుగా దారి తప్పుతున్నది. గణిత తరగతిలో నాలుగో నిరూపకాన్ని వట్టి గుర్తుగా రాసి, "దీన్ని ఊహించడం మనవల్ల కాదు, లెక్క మాత్రం చేయండి" అని వదిలేస్తారు. జనరంజక రచనల్లో అదే పరిమాణం కనిపించని లోకాలకు, మహిమలకు నెలవవుతుంది. మొదటిది విద్యార్థిలోని కుతూహలాన్ని అణచివేస్తుంది. రెండోది ఆ కుతూహలాన్ని పక్కదారి పట్టిస్తుంది. ఊహకు అందనిది జ్ఞానానికీ అందదన్న నమ్మకమే ఈ రెండింటికీ మూలం.

పరిభాష గురించి ఒక మాట. ఇంటర్మీడియట్ తెలుగు మాధ్యమంలో చదివినవారికి 'త్రిపరిమాణ నిరూపకాలు' అనే మాట పరిచయమే. కానీ వాడుకలో 'పరిమాణం' అంటే వస్తువు పెద్దదా చిన్నదా అన్న కొలత కూడా. ఈ వ్యాసంలో ఆ మాటకు ఒకటే అర్థం: ఒక బిందువు స్థానాన్ని నిర్ణయించడానికి ఎన్ని స్వతంత్ర సంఖ్యలు కావాలో అది. కాలాన్ని నాలుగో నిరూపకంగా తీసుకునే మింకోవ్‌స్కీ పద్ధతి (1908) వేరు; అక్కడ దూరాన్ని లెక్కకట్టేటప్పుడు కాలపు పదానికి గుర్తు మారుతుంది. ఇక్కడ చర్చించేది పొడవు, వెడల్పు, ఎత్తుల వంటి నాలుగో దిశనే.

2. ఛేదం: ఆకారం సంఘటనగా మారడం

సున్నుండ ఒకటి ఆ తలం గుండా నెమ్మదిగా కిందికి దిగుతున్నదనుకుందాం. తలంలోని జీవికి మొదట ఒక చుక్క కనిపిస్తుంది. అది వృత్తమై పెరుగుతుంది, ఒక దశలో ఆగి తగ్గుతుంది, మళ్లీ చుక్కై మాయమవుతుంది. సున్నుండ వ్యాసార్ధం 3 సెంటీమీటర్లయితే, కేంద్రానికి 2 సెంటీమీటర్ల దూరంలోని ఛేదపు వ్యాసార్ధం √5, అంటే సుమారు 2.24 సెంటీమీటర్లు. మనం ఒక్క చూపులో పట్టే ఆకారం ఆ జీవికి ఒక చరిత్రగా అందుతుంది: పుట్టింది, పెరిగింది, తగ్గింది, పోయింది. అదేవిధంగా నాలుగు పరిమాణాల గోళం మన గదిలోంచి దాటిపోతే, గాలిలో ఒక చుక్క పుట్టి, గోళంగా ఉబ్బి, కుంచించుకుని అదృశ్యమవడం మనం చూస్తాం.

గోళం సులభమైన ఉదాహరణ. దాన్ని ఎటు కోసినా వృత్తమే వస్తుంది. అందువల్ల పాఠ్యపుస్తకాలు దానితో ఆగిపోతాయి. అసలు కష్టం సమఘనంతో మొదలవుతుంది. పనీర్ ముక్కను సమఘనంగా కోసి, దాన్ని ఒక మూల కిందికి, దాని ఎదుటి మూల సరిగ్గా పైకి ఉండేలా నిలబెట్టి, అడ్డంగా పలచటి పొరలుగా కోయండి. మొదట త్రిభుజాలు వస్తాయి. తర్వాత వాటి మూలలు తెగి ఆరు భుజాల ఆకారాలవుతాయి. సరిగ్గా నడుమ సమషడ్భుజి. ఆపైన తిరిగి త్రిభుజాలు. ఆరు చతురస్రాలతో ఏర్పడిన వస్తువు, ఒక్క చతురస్రాన్నయినా చూపకుండా ఆ తలాన్ని దాటిపోయింది! అదే ముక్క ముఖం కిందికి పెట్టి దిగితే, ఒక చతురస్రం ఉన్నట్టుండి ప్రత్యక్షమై, కాసేపు మారకుండా ఉండి, ఉన్నట్టుండి మాయమవుతుంది. ఈ రెండు సంఘటనలూ ఒకే వస్తువువని ద్విపరిమాణ జీవి ఎలా గుర్తించాలి?

చతుష్పరిమాణ ఘనం విషయంలో మన అవస్థ అదే. ఆ ఘనాన్ని ఎనిమిది సమఘనాలు చుట్టి ఉంటాయి. అయినా అది మూల ముందుగా మన అంతరాళంలోంచి దాటితే మొదట చతుర్ముఖి, తర్వాత మూలలు తెగిన చతుర్ముఖి, నడుమ సమ అష్టముఖి, ఆపైన అదే వరుస వెనక్కి కనిపిస్తాయి. సమఘనం ఒక్కటీ కనిపించదు.

కనిపించకపోయినా లెక్క తప్పదు. చతురస్రాన్ని దానికి లంబంగా జరిపితే సమఘనం వస్తుంది. సమఘనాన్ని నాలుగో దిశలో జరిపితే చతుష్పరిమాణ ఘనం వస్తుంది. జరిపే ముందున్న శీర్షాలు 8, జరిపిన తర్వాతివి 8, మొత్తం 16. అంచులు ముందు 12, తర్వాత 12, కదిలిన ప్రతి శీర్షం గీసినది ఒక్కొక్కటి చొప్పున 8, మొత్తం 32. చతురస్రాలు 6, 6, కదిలిన అంచులు గీసినవి 12, మొత్తం 24. సమఘనాలు మొదటిది ఒకటి, చివరిది ఒకటి, కదిలిన ముఖాలు గీసినవి 6, మొత్తం 8. ఈ లెక్కకు ఏ దివ్యదృష్టీ అవసరం లేదు. ఎనిమిదో తరగతి విద్యార్థి చేయగలడు.

ఛేదం కోల్పోయేది మరొకటి ఉంది: కుడి ఎడమల స్వభావం. దుకాణపు గాజు తలుపు మీద బయటివైపు చదివేలా రాసిన 'క' లోపలినుంచి తిరగబడి కనిపిస్తుంది. గాజు తలంలోనే జీవించే ప్రాణి ఆ అక్షరాన్ని ఎంత తిప్పినా, ఎంత జరిపినా అద్దంలోని రూపంగా మార్చలేదు. మనం దాన్ని తలంలోంచి లేపి బోర్లించి పెడితే మారిపోతుంది. మన కుడిచేతి తొడుగు ఎడమచేతికి ఎందుకు పట్టదన్నది కాంట్‌ను 1768లోనే వేధించిన ప్రశ్న. అటువంటి రెండు ఆకారాలను ఒకదానితో ఒకటి కలపాలంటే నాలుగు పరిమాణాల అంతరాళం కావాలని 1827లో మోబియస్ గమనించాడు.

3. ఎల్బీనగర్ కూడలి: దాటడమా, కలవడమా?

దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి విజయవాడకు పోయే జాతీయ రహదారి, నాగోలు వైపు పోయే ఇన్నర్ రింగ్ రోడ్డు ఎల్బీనగర్‌లో ఒకదాన్నొకటి దాటుతాయి. అక్కడ ఇప్పుడు నేలమీది కూడలి, దాని పైన ఫ్లైఓవర్లు, కింద అండర్‌పాస్‌లు ఉన్నాయి. కాగితం మీద గీసిన పటంలో ఇవన్నీ గీతలే. గీతలు ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి. ఖండించుకున్న చోట వాహనం ఒక దారినుంచి మరోదానిలోకి మళ్లగలదా, లేదా అన్నది పటం ఆకారంలో లేదు. ఫ్లైఓవర్ మీద పోతున్నవారికి ఫోను "ఎడమకు తిరగండి" అని చెప్పే సందర్భాలకు కారణం ఇందులోనే ఉంది. ఉపగ్రహ స్థాననిర్ణయంలో ఎత్తును కొలవడంలో వచ్చే లోపం సాధారణంగా అడ్డదిశలోని లోపం కన్నా ఎక్కువ. పైన ఉన్నామా, కింద ఉన్నామా అన్న విషయంలో ఆ పరికరం దాదాపుగా తలంలోని జీవే.

పటకర్తలు దీనికి చేసిన ఉపాయం గమనించదగినది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో రెండు రోడ్ల గీతలు ఒకదానిమీదుగా ఒకటి పోయినంత మాత్రాన కలిసినట్టు కాదు. రెండింటికీ ఉమ్మడి బిందువును నమోదు చేస్తేనే కలిసినట్టు. ఏది పైన, ఏది కింద అన్నది ఒక పూర్ణసంఖ్యగా జతచేస్తారు: ఫ్లైఓవర్‌కు 1, అండర్‌పాస్‌కు −1. ఎత్తు బొమ్మలో లేదు. పక్కన రాసిన సంఖ్యలో ఉంది. కనిపించని పరిమాణాన్ని గుర్తుగా భద్రపరచే ఈ పద్ధతి ద్విపరిమాణ జీవికి పూర్తిగా అందుబాటులో ఉన్నదే. తరగతిలో వట్టి గుర్తుగా కనిపించే నాలుగో నిరూపకం చేసే పనీ ఇదే.

మరి అటువంటి సంఖ్య అవసరమని ఆ జీవికి ఎలా తోస్తుంది? ఒక వృత్తాకార ప్రదేశం అంచు మీద తూర్పు, ఉత్తరం, పడమర, దక్షిణాల్లో నాలుగు ద్వారాలు ఉన్నాయనుకుందాం. తూర్పును పడమరతో, ఉత్తరాన్ని దక్షిణంతో కలిపే రెండు దారులు ఆ వృత్తంలోనే ఉంటే ఎక్కడో ఒకచోట ఖండించుకోక తప్పదు. ఇది తలానికి సంబంధించిన సిద్ధాంతం. ఆ జీవి ద్వారాల దగ్గర కూర్చుని, రెండు వాహన ప్రవాహాలూ ఏకకాలంలో ఎడతెగకుండా, ఒకదానికొకటి అడ్డు రాకుండా సాగుతున్నాయని నమోదు చేసిందంటే, దారులు తలంలోనే ఉన్నాయన్న భావనను వదులుకోవాలి. మెట్రో స్తంభాల విషయంలోనూ అంతే. రైలు పోయినప్పుడల్లా వాటిలో సన్నని కంపనం ఒకదాని తర్వాత ఒకటిగా, వరుస తప్పకుండా వస్తుంటే, వాటిని కలిపేది ఏదో ఉన్నదని తెలుస్తుంది. చూడనక్కరలేదు, లెక్కలు రాసుకుంటే చాలు.

మన విషయంలో భౌతికశాస్త్రవేత్తలు చేస్తున్నది ఇటువంటి పనే. మూడు పరిమాణాల అంతరాళంలో గురుత్వాకర్షణ దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. నాలుగు దిశలు సమానంగా విస్తరించి ఉంటే ఘనానికి విలోమంగా తగ్గాలి. అప్పుడు గ్రహకక్ష్యలు స్థిరంగా ఉండవని 1917లో ఎరెన్‌ఫెస్ట్ చూపాడు. అదనపు దిశ అతి సూక్ష్మంగా చుట్టుకుని ఉండవచ్చునన్న ఆలోచన 1926లో క్లైన్‌ది. మిల్లీమీటరులో పదో వంతు కన్నా తక్కువ దూరాల దాకా ప్రయోగాలు జరిగాయి. ఇంతవరకు వర్గ నియమమే నిలిచింది. అంటే మన ద్వారాల దగ్గర నమోదైన లెక్కల్లో, ఈ మేరకు, వింత ఏదీ లేదు. మహిమల గురించి రాసేవారు ఈ ఫలితాన్ని ఉదహరించడం అరుదు.

4. నీడ: ఒకటి చాలదు, చాలా కావాలి

మన కంటిలోని రెటీనా ఒక పొర. దానిమీద పడే ప్రతిబింబానికి రెండు పరిమాణాలే. ఆ లెక్కన మనమూ చూపు వరకు ద్విపరిమాణ జీవులమే. లోతును రెండు కళ్ల తేడా నుంచి, నీడల నుంచి, ఒకదాన్నొకటి మరుగుపరచే వస్తువుల నుంచి ఊహించుకుంటాం. ఫ్లాట్‌లాండ్ జీవులకు కనిపించేది ఒక గీత మాత్రమే; పొగమంచులో దూరపు అంచులు మసకబారడాన్ని బట్టి అవి ఎదుటివారి ఆకారాన్ని పోల్చుకుంటాయి. ఆ వరసలో చతుష్పరిమాణ జీవికి ప్రతిబింబమే మూడు పరిమాణాల్లో ఏర్పడాలి. మనం కాగితం మీది వృత్తపు లోపలి భాగాన్ని అంచు చెరపకుండా చూసినట్టు, అది మూసిన పెట్టె లోపలిని మూత తీయకుండా చూస్తుంది.

మూత తీయకుండా లోపలిని చూడటం మనకూ చేతనైంది, వేరే దారిలో. సీటీ స్కాన్‌లో ఎక్స్ కిరణాలు శరీరపు ఒక పొరగుండా అవతలికి పోయి, గ్రాహకాల వరుస మీద నీడ వేస్తాయి. ఆ వరుస ఒక గీత. అంటే ఏకపరిమాణ జీవి. దానికి ఒక దిశనుంచి అందేది వెలుగు చీకట్ల ఒకే పట్టీ. ఆ పట్టీని బట్టి ఎముక ముందుందా, వెనకుందా చెప్పలేం. కానీ యంత్రం శరీరం చుట్టూ తిరుగుతూ వందల కోణాల్లో అటువంటి పట్టీలను సేకరిస్తుంది. అన్ని దిశల నీడలూ తెలిస్తే తలంలోని వస్తువును పూర్తిగా పునర్నిర్మించవచ్చునని రాడన్ 1917లోనే నిరూపించాడు. ఆ సంగతి ఎరగకుండానే హౌన్స్‌ఫీల్డ్ యంత్రాన్ని నిర్మించగా, 1971లో దానితో తొలి రోగిని పరీక్షించారు; 1979లో కార్మాక్‌తో కలిసి అతనికి నోబెల్ బహుమతి వచ్చింది. పరిమిత సంఖ్యలోని కోణాలతో సిద్ధాంతరీత్యా కొంత సందిగ్ధం మిగులుతుంది. ఆచరణలో తగినన్ని కోణాలుంటే అది చికిత్సకు అడ్డురాదు.

ఇక్కడ పట్టుకోవలసినది ఒకటుంది. నీడలన్నీ ఉన్నా, ఏ నీడ ఏ కోణానిదో చెప్పే సంఖ్య పోతే పునర్నిర్మాణం మామూలు పద్ధతిలో సాగదు. పనీర్ పొరలను కలిపేసి కుప్పగా పోస్తే సమఘనం తిరిగి రాదు, వరుస తెలియాలి. అల్పపరిమాణ జీవికి కావలసినది మరింత నిశితమైన కన్ను కాదు, ఆ వరుసను తెలిపే చిట్టా.

5. ఉపరితలం మీది కొలత: హైదరాబాద్‌లో ఎవరెస్ట్

మూడో మార్గంలో కోతా లేదు, నీడా లేదు. ఉపరితలాన్ని వదలకుండా కొలవడమే. భారత మహా త్రికోణమితీయ సర్వే 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ చేతిమీదుగా ఆరంభమైంది. 1818లో జార్జ్ ఎవరెస్ట్ అతనికి సహాయకుడిగా హైదరాబాద్ వచ్చి చేరాడు. సుమారు అర టన్ను బరువున్న థియోడలైట్‌ను గుట్టల మీదికి మోయించి వాళ్లు కొలిచినవి త్రిభుజాల కోణాలు. సమతలం మీద మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు. భూమి మీద అంతకన్నా కాస్త ఎక్కువ: దాదాపు 197 చదరపు కిలోమీటర్ల వైశాల్యానికి ఒక సెకను చొప్పున. భుజం 40 కిలోమీటర్లున్న సమబాహు త్రిభుజానికి ఇది సుమారు మూడున్నర సెకన్లు. భూమి గుండ్రమని వాళ్లకు ముందే తెలుసు. కచ్చితమైన ఆకృతి, ధ్రువాల దగ్గరి నొక్కుడు ఎంత అన్నది వాళ్ల ప్రశ్న. అయినా విషయం గొప్పదే. నేలను వదిలి పైకి లేవకుండా నేల వంపును తేల్చవచ్చు.

వక్రత ఉపరితలపు సొంత కొలతల్లోనే ఉన్నదని 1827లో గౌస్ నిరూపించాడు. అయితే ప్రతి వంపూ ఇలా దొరకదు. మెట్రో స్తంభానికి అంటించిన పోస్టరు మీద త్రిభుజం గీస్తే కోణాల మొత్తం 180 డిగ్రీలే ఉంటుంది; కాగితాన్ని చుట్టినంత మాత్రాన దానిమీది దూరాలు మారవు. ఆ పోస్టరులోని జీవి కోణాలు కొలిచి తన వంపును ఎన్నటికీ కనిపెట్టలేదు. స్తంభం చుట్టూ పూర్తిగా తిరిగి బయలుదేరిన చోటికే వస్తే మాత్రం కొంత తెలుస్తుంది. మరో జాగ్రత్త కూడా అవసరం. వక్రత దొరికినంత మాత్రాన బయట అదనపు పరిమాణం ఉన్నదని రుజువు కాదు. అంతరాళానికి వక్రత తనలోనే ఉండవచ్చునని 1854లో రీమాన్ చూపాడు.

ఎవరెస్ట్ కుటుంబంలో ఈ ప్రశ్న వింతగా కొనసాగింది. అతని తమ్ముడి కూతురో, అన్న కూతురో అన్న వివరాన్ని పక్కన పెడితే, సోదరుని కుమార్తె అయిన మేరీ ఎవరెస్ట్ తర్కశాస్త్రవేత్త జార్జ్ బూల్‌ను పెళ్లాడింది. వారి పెద్దకూతురి భర్త చార్ల్స్ హోవర్డ్ హింటన్, చతుష్పరిమాణ ఘనానికి 'టెసరాక్ట్' అని పేరుపెట్టినవాడు. ఆయన రంగురంగుల చెక్క ఘనాలతో నాలుగో పరిమాణాన్ని అలవాటు చేయించేవాడు. వాటిని చూసి నేర్చినవారిలో ఆయన మరదలు అలీషియా బూల్ స్టాట్ ఒకరు. విశ్వవిద్యాలయపు చదువు లేని ఈ గృహిణి, నాలుగు పరిమాణాల సమవస్తువుల ఛేదాలను అట్టముక్కలతో వరుసగా నిర్మించి 1900లో ప్రచురించింది. 1914లో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఊహించడం ఎవరివల్లా కాదనే మాటకు ఆమె అట్టబొమ్మలే జవాబు. ఆమె సాధించింది మెరుపులా వచ్చిన దర్శనం కాదు, వరుస తప్పని కోతల అభ్యాసం.

6. దత్తాంశాల మేఘం

ఇదంతా జ్యామితి ప్రియుల వినోదమనుకోవడానికి వీల్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో వీధి పొడవునా ఉన్న శిక్షణ సంస్థల్లో ఇవాళ డేటా సైన్స్ ఒక పాఠం. ఒక్కో వ్యక్తిని ఇరవై కొలతలతో వర్ణిస్తే ఆ వ్యక్తి ఇరవై పరిమాణాల అంతరాళంలో ఒక బిందువు. అలాంటి వేల బిందువుల మేఘాన్ని ఎవరూ చూడలేరు. తెరమీద చూసేది దాని నీడను.

ఈ నీడలను శాస్త్రీయంగా వాడిన తొలివారిలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు ఒకరు. మహలనోబిస్, మజుందార్‌లతో కలిసి 1949లో ఆయన ప్రచురించిన సంయుక్త రాష్ట్రాల మానవమితి అధ్యయనంలో తల పొడవు, తల వెడల్పు వంటి అనేక కొలతల ఆధారంగా జనసమూహాల మధ్య దూరాలను లెక్కగట్టారు. బహుళ కొలతలను వర్గీకరణకు వాడటంపై ఆయన 1948 నాటి పత్రం సమూహాల మధ్య భేదాన్ని వీలైనంత ఎక్కువగా నిలుపుకునే దిశలను ఎన్నుకొని, వాటిమీదికి విక్షేపం చేసే మార్గాన్ని చూపింది. ఆ పద్ధతిలో ఒక నిజాయితీ ఉంది: రెండు దిశల పటం అసలు భేదంలో ఎంత భాగాన్ని పట్టిందో, ఎంత వదిలిందో సంఖ్యగా చెప్పవచ్చు.

నేటి విద్యార్థి ఎక్కువగా వాడే 'టి-స్నీ' చిత్రాలు వేరు రకం. 2008లో వాన్ డెర్ మాటెన్, జెఫ్రీ హింటన్ ప్రవేశపెట్టిన ఈ పద్ధతి దగ్గరి బిందువుల పొరుగుతనాన్ని కాపాడుతుంది. దూరపు గుంపుల మధ్య ఎడాన్ని కాపాడతానని మాట ఇవ్వదు. (ఈ హింటన్ టెసరాక్ట్ హింటన్‌కు మునిమనవడు.) తెరమీద రెండు గుంపులు ఎడంగా కనిపించాయని అవి అసలు అంతరాళంలోనూ అంతే ఎడంగా ఉన్నాయని రాయడం, ఎల్బీనగర్ పటంలో గీతలు ఖండించుకున్నాయి కనుక ఫ్లైఓవర్ మీదినుంచి రింగ్ రోడ్డులోకి మళ్లవచ్చునని చెప్పడం వంటిదే. పరిశోధన పత్రాల్లో అటువంటి చిత్రం వచ్చినప్పుడు దాన్ని ఏ విక్షేపంతో గీశారు, అది ఏ దూరాలను కాపాడుతుంది, వదిలేసిన పరిమాణాల లెక్క ఏ పట్టికలో ఉంది అన్న మూడు ప్రశ్నలకు చిత్రం కిందనే జవాబు అడగవలసిన బాధ్యత పర్యవేక్షకులది.